‘ఇంకొక్కటి’ – పెదకాకాని టీక

అవతారిక

గుంటూరు చుట్టుపక్కల కొత్త బండి కొన్నవాడు దాన్ని మా పెదకాకాని తీసుకొచ్చి, భ్రమరాంబా మల్లేశ్వరస్వామి గుడి ముందు పూజ చేయించుకునిగాని రోడ్డెక్కడు. మొన్న మాఘమాసంలో ఒక పొద్దున ఆ వరసలో రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు, వాటి వెనక మా మేనల్లుడు నిలబడ్డారు. వాడి రెండు చేతుల్లో ఒక డ్రోను.

“దీనికి చక్రాలేవయ్యా?” అన్నారు పూజారి గారు.

“నాలుగు రెక్కలున్నయ్ గదండీ” అన్నాడు వాడు.

నాలుగు రెక్కలకీ నాలుగు నిమ్మకాయలు పెట్టారు. పైకెగిరే బండి చేత నిమ్మకాయలు తొక్కించే విధానం ఏ ఆగమంలోనూ లేదు కాబట్టి చేత్తోనే పిండేశారు.

వాడు హైదరాబాదులో యూట్యూబుకి పాటలు తీస్తాడు. పాటలు లేని నెలల్లో వ్యాపార ప్రకటనలు తీస్తాడు. ఆ రోజు ఒక కెమెరా అద్దెతో రెండు పనులు కానివ్వాలని వాడి ఎత్తు: పొద్దున కారప్పొడి ప్రకటన, మధ్యాహ్నం నుంచి పాట. చోటు మా మిరపచేను, చేను పక్కన కల్లం. ముప్పైనాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరైన నాకు కల్లం గట్టున ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, “మావయ్యా, నువ్విక్కడే ఉండు, ఫ్రేములోకి రాబాక” అన్నాడు.

పన్నెండు గంటలు కూర్చున్నాను. ఆ పన్నెండు గంటల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు చెవిన పడ్డ వాక్యాన్ని మూలంగా తీసుకుని, వావిళ్లవారి ప్రతుల ఫక్కీలో ఈ టీక రాస్తున్నాను. మూలంలో లేని మాట రాయనని కొలచలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. నేను పట్టలేదు.

మూలం

సూపర్. ఓకే. ఇంకొక్కటి.

ప్రతిపదార్థం

సూపర్ = అన్యదేశ్యం. గొప్పగా ఉంది అని నిఘంటువు చెప్పే అర్థం ఇక్కడ పొసగదు. ఈ మాట నేను మొదటిసారి విన్నప్పుడు కారప్పొడి గిన్నె బోర్లా పడి ఉంది, నటీమణి వరసగా తుమ్ముతోంది. కనక ‘కెమెరా ఆపాం, ఎవరూ కంగారుపడకండి’ అని చెప్పుకోవాలి. కావ్యారంభంలో శ్రీకారం వంటిది. దాని తరవాత ఎంత ఘోరమైనా జరగవచ్చు.

ఓకే = పనికొచ్చింది అని. సహాయ దర్శకురాలు అట్టకి బిగించిన కాగితం మీద ప్రతి టేకుకీ ఎదురుగా ‘ఓకే’ అనో ‘ఎన్‌జీ’ అనో రాస్తుంది. ఎన్‌జీ అంటే నో గుడ్. మా మిర్చి యార్డు భాషలో తాలు. యార్డులో మేలుకాయా తాలుకాయా వేరువేరు టిక్కీల్లోకి పోతాయి, వాటి రేట్లు వేరు. ఇక్కడ రెండూ ఒకే కార్డులోకి పోతాయి. ఏరేవాడు హైదరాబాదులో ఎడిటింగు గదిలో చీకట్లో కూర్చుని ఉంటాడు. టేకు అన్నచోట శ్లేష గమనించాలి: ఎంతకీ చేతికి రాని చెట్టు కూడా అదే.

ఇంకొక్కటి = ఇంక + ఒక్కటి. అకారసంధి. సంధిలో ఇబ్బంది లేదు, సంఖ్యలోనే ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) ‘బహుళం’ అని పడ్డచోటల్లా వ్యాఖ్యాతలు నాలుగు దారులు చెబుతారు. ఒకచోట కార్యం తప్పక జరుగుతుంది. ఒకచోట అసలు జరగదు. ఒకచోట జరిగినా సరే, జరక్కపోయినా సరే. ఇంకొకచోట అనుకున్నది కాక మరేదో జరుగుతుంది. షూటింగుకి ఇంతకన్న మంచి లక్షణం ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఒక్కటి అనేది రూపానికి ఏకవచనం, అర్థానికి బహుళం. కకారానికి ఒత్తు ఎందుకంటే, చెప్పేవాడికే నమ్మకం చాలక.

పాఠాంతరాలు

‘సేఫ్టీకి ఒకటి’ అని కొన్ని ప్రతులు. ‘మీరు మీకు నచ్చినట్టు చెయ్యండి, ఒకటి’ అని నటుల శాఖవారి పాఠం. ‘ప్యాకెట్టు మీద పేరు కనపడేట్టు ఒకటి’ అని గుడారంలో ఏసీ కింద కూర్చున్న క్లయింటువారిది. ‘ఇదే లాస్టు’ అనే పాఠం ప్రక్షిప్తం. ప్రామాణికమని నిరూపించే ఆధారం ఆ రోజు సాయంత్రం దాకా దొరకలేదు.

ఆక్షేపం

దీన్ని లేవదీసింది నేను కాదు, మా చేలో కాయ కోసే కూలీల్లో ఒకామె.

జరిగిన సంగతి ఇది. ప్రకటనలో నటీమణి చేలోకొచ్చి, ఎర్రటి కాయ కోసి, ఎండకెత్తి చూసి నవ్వాలి. పాపం ఆ పిల్ల కాయ పట్టుకుని కిందికి లాగింది. కొమ్మ విరిగి చేతికొచ్చింది. రెండోసారీ అంతే. మిరపకాయని లాగకూడదు; తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి పైకి తిప్పితే కణుపు దగ్గర చిటుక్కున ఊడొస్తుంది. చూసీ చూసీ ఈ కూలీ ఆమె గట్టు మీంచి, “అట్టా కాదమ్మా, ఇట్టా” అని చూపించింది. మావాడి కళ్లు మెరిశాయి. మొహం నటీమణిది, చేతులు ఈమెవి అని అప్పటికప్పుడు తీర్పు చెప్పాడు. ప్రకటనల్లో చేతులు ఒకరివి, మొహం ఒకరిది కావడం మామూలేనట. మేకప్ కుర్రాడు ఆమె గోళ్ల సందుల్లో మట్టి తీసి, మణికట్టు దాకా రంగు పూసి, నటీమణి గాజులు తొడిగాడు. గాజులు ఎక్కలేదు. సబ్బు రాసి ఎక్కించారు.

ఆమె కాయ కోసింది. ఒక్క దెబ్బకి. ఆకు కూడా కదల్లేదు.

“సూపర్. ఓకే. ఇంకొక్కటి.”

“ఏం తప్పు జరిగిందయ్యా?”

“ఏం తప్పు లేదమ్మా. చాలా బాగుంది.”

“బాగుంటే మళ్లా ఎందుకు?”

పూర్వపక్షం ఇంత పదునుగా కాశీలో కూడా పడి ఉండదు. బాగుంటే మళ్లా తీయడం దండగ. బాగోకపోతే ఓకే అనడం అబద్ధం. రెంటికీ నడుమ దర్శకుడు దొరికిపోయాడు.

సమాధానం

మావాడు ఆమెకి చెప్పలేదు, టీ తాగుతూ నాకు చెప్పాడు. ప్రకటన నిడివి 30 సెకన్లు. టీవీ లెక్కన సెకనుకి 25 ఫ్రేములు, మొత్తం 750. అందులో ఈ చెయ్యి ఉండేది సెకనున్నర. ఆ సెకనున్నరలో వేళ్లు, కాయ మీద ఎండ, వెనక ఆకుల ఊపు, గాజు జారడం అన్నీ ఒకేసారి కుదరాలి. “కుదరడమంటే ఎట్టారా?” అన్నాను. కాసేపు గ్లాసు వంక చూశాడు. “తెలవదు మావయ్యా. కనపడితే మాత్రం తెలుస్తది.”

తాత్పర్యం ఇదే. ‘నేను వెతికేదేమిటో నాకు తెలీదు, కనపడేదాకా మీరు చేస్తూ ఉండండి’ అని మూలానికి భావం. వాడు నిజం చెప్పాడని సంతోషించాను. తక్కిన అరవైమందికి ఆ సంగతి తెలిస్తే మధ్యాహ్నం భోజనాల దాకా కూడా ఉండరు.

అయితే ఈ వాక్యం ఇంత చవకగా ఎప్పుడూ లేదని పెద్దలు గ్రహించాలి. ఫిల్ము రోజుల్లో కెమెరా నిమిషానికి 90 అడుగులు మింగేది. వెయ్యి అడుగుల డబ్బా పదకొండు నిమిషాల్లో ఖాళీ. కొన్నందుకు డబ్బు, కడిగినందుకు డబ్బు, ప్రింటు వేసినందుకు డబ్బు. ‘ఇంకొక్కటి’ అన్నప్పుడల్లా నిర్మాత గుండెలో అడుగుల లెక్క తిరిగేది. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) తీసిన కె.వి. రెడ్డి స్టాప్‌వాచీ పట్టుకుని, ఏ సన్నివేశం ఎంతసేపో ముందే తేల్చుకునిగాని సెట్టు మీదికి వెళ్లేవాడు కాదంటారు. ఆయన టీక ముందు రాసుకుని మూలం తరవాత తీశాడు. ఇప్పుడు కార్డు నిండితే ఇంకో కార్డు. కెమెరాకి ఖర్చు లేదు. ఖర్చు ఎటు పోయిందో చూడాలంటే కింద విశేషాంశం చదవాలి.

విశేషాంశం: కోసిన కాయ

కాయ కోశాక ఫ్రేములో కాయ ఉండదు. ఇంకొక్కటి తీయాలంటే అదే కొమ్మకి అదే చోట అదే కాయ ఉండాలి. లేకపోతే కంటిన్యుటీ పోతుందట.

అప్పుడు ఆర్ట్ డిపార్ట్‌మెంటు కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయి. మెడలో కత్తెర, నోట్లో ఆకుపచ్చ దారం. మొక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని, కోసిన కాయ తొడిమని కణుపుకి ఆనించి, రెండు చుట్లు చుట్టి, ముడేసి, ముడి మీదికి ఒక ఆకు వంచాడు. మూడడుగుల్లో నిలబడి చూశాను: దేవుడు కట్టాడో, వీడు కట్టాడో చెప్పలేం. నూనెలో ముంచిన గుడ్డతో కాయని తుడిచాడు. మెరిసింది. మూడో టేకుకి ఒక కాయ, ఆరో టేకుకి నాలుగు. పదకొండో టేకు అయ్యేటప్పటికి ఆ మొక్కకి కాసినవాటికన్నా కట్టినవే ఎక్కువ.

కూలీలు పనాపి చుట్టూ చేరారు. కాయ కోస్తే కిలో లెక్క, కోసినట్టు చేస్తే రోజు లెక్క కాబట్టి వాళ్లకేం తొందర లేదు. మేస్త్రి మాత్రం పక్క చేలో కాయ పండిపోతోందని ఫోన్లు ఎత్తలేక చస్తున్నాడు.

గిన్నెలోని కారం సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. ప్యాకెట్టు మీద గుంటూరు పేరు ఇంత లావు అక్షరాలతో ఉంది. గిన్నెలో పోసింది కర్ణాటక బ్యాడిగ కారం. ముడతల కాయ, ముదురెరుపు, ఘాటు తక్కువ. మా తేజ కారం కెమెరాకి పాలిపోయినట్టుందట. నాలుక్కి ఒకరు, కంటికి ఒకరు. ఇక్కడ రూపకాలంకారం కాదు, అపహ్నుతి.

ఉత్తరభాగం: పాట

పాటలో మూలవాక్యం అదే. ముందు చిన్న కేక చేరుతుంది: “నాగ్రా!” రికార్డయిన పాటని స్పీకర్లో వెయ్యమని. స్టెఫాన్ కుడెల్‌స్కీ అనే పోలండువాడు స్విట్జర్లాండులో చేసిన టేపు యంత్రం పేరు నాగ్రా; పోలిష్ భాషలో ‘రికార్డు చేస్తుంది’ అని అర్థం. మనవాళ్ల చేతిలో అది పాట వినిపించే పనికి మిగిలింది. యంత్రం పోయి ల్యాప్‌టాప్ వచ్చింది, కేక మిగిలింది. భాషలో ఇటువంటివి కోకొల్లలు. నూనెలోని నువ్వుల సంగతి మరిచిపోయి వేరుశనగ నూనె అంటున్నాం గదా.

పాట షూటింగులో నిశ్శబ్దం అక్కర్లేదు. అక్కడి మాటలేవీ పాటలోకి పోవు. అందుకని హైవే మీద లారీల మోత, స్పీకరు హోరు, వాటి మీద దర్శకుడి అరుపు: “నవ్వు! అటు చూడు! చున్నీ, చున్నీ!” చున్నీ ఎగరడానికి కల్లం అంచున పెద్ద ఫ్యాను పెట్టారు. ఫ్యానుకీ అమ్మాయికీ మధ్య ఆరబోసిన తేజ కాయ ఉందని ఎవరూ చూడలేదు. మొదటి చరణంలో అమ్మాయి దగ్గింది. రెండో చరణంలో కెమెరామన్. తరవాత నాగ్రా కుర్రాడు ల్యాప్‌టాప్ మూసేసి పరిగెత్తాడు. దర్శకుడు కళ్లు నలుపుకుంటూ ‘సూపర్’ అనడం నా చెవులారా విన్నాను.

స్లోమోషన్ దగ్గర మా ఊరి పిల్లలు పడీపడీ నవ్వారు. తెర మీద నెమ్మదిగా కదలాలంటే కెమెరా సెకనుకి 24 కాక 48 ఫ్రేములు తీస్తుంది. అప్పుడు పెదవులూ నెమ్మదైపోతాయి, పాటకి కలవవు. కాబట్టి పాటని రెట్టింపు వేగంతో వేసి, ఆ వేగంతోనే పాడమంటారు. విరహగీతం చింతచెట్టు కింద ఉడత గొంతుతో పరిగెత్తింది. అమ్మాయి దవడ నెప్పిపుట్టేట్టు పెదవులాడిస్తూ, మొహం మాత్రం వెన్నెల్లో ఉన్నట్టు పెట్టాలి. విరోధాభాసకి ఇంతకన్న ఉదాహరణ వద్దు. 2000లో కోల్డ్‌ప్లే వాళ్ల ‘యెల్లో’ పాట ఇంగ్లండులో డోర్సెట్ తీరాన తీసినప్పుడూ ఇంతే: 50 ఫ్రేములు, రెట్టింపు పాట. ఎండా జనమూ ఉండాలనుకున్నారు. వాన వచ్చింది, బృందంలో ఒకరి తల్లి అంత్యక్రియలు ఆ రోజే. పాడేవాడొక్కడే తడుస్తూ నడిచాడు. పాటంతా ఆ నడకే. ఈ సంగతి మావాడు చెప్పాడు, చెప్పి తన దగ్గరున్న పదహారుమంది డ్యాన్సర్ల వంక దిగులుగా చూశాడు.

సాయంత్రం వెలుగుకి వాళ్లు మ్యాజిక్ అవర్ అని పేరు పెట్టారు. అవరు కాదు. మన వైపు సూర్యుడు ఏటవాలుగా వాలడు, బావిలో చేద జారినట్టు దిగిపోతాడు. గట్టిగా పావుగంట. ఆ పావుగంటలో డ్రోను మా చేను మీద తిరిగింది, అమ్మాయి గట్టు మీద తిరిగింది, కల్లమంతా నిప్పులు పరిచినట్టు వెలిగింది. నాకే ఒళ్లు జలదరించింది. “సూపర్. ఓకే. ఇంకొక్క...” అన్నాడు మావాడు. టి అక్షరం నోట్లోనే ఉంది. ఎండ పోయింది. పొద్దున్నుంచి ఆ మాట వినని శ్రోత సూర్యుడొక్కడే.

గుమ్మడికాయ కొట్టారు. వ్యాన్లు హైవే ఎక్కాయి.

మర్నాడు తెల్లవారి కూలీలు చేలోకి దిగారు. చేతులరువిచ్చిన ఆమె నిన్నటి సాలులోనే కోసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. మొక్క కాయలు నిండుగా, నూనె మెరుపుతో ఉంది. ఒకటి బొటనవేలితో తిప్పింది. రాలేదు. వంగి చూసింది. తొడిమ వాడి, ఆకుపచ్చ దారం బయటపడింది.

“పంతులు గారూ,” అని కేకేసింది గట్టు మీదున్న నన్ను, “ఇయ్యి కొయ్యాలా, ఇప్పాలా?”