ఆడిటరు విషయంలో బజారు చెప్పే సలహాలు

‘లెక్కలు మనవాళ్ళ కుర్రాడికే ఇవ్వండి. పైవాడికి మన గుట్టెందుకు?’

తెనాలిలో నేను ఎలక్ట్రికల్ కొట్టు తెరిచినప్పుడు అందిన మొదటి సలహా ఇది. దయచేసి వినకండి. చుట్టాన్ని ‘ఈ నెల రిటర్ను వేశావా?’ అని ఒకసారి అడగ్గలం. రెండోసారి అడిగితే నమ్మకం లేదా అంటాడు, ఇంట్లోవాళ్ళు మొహం ముడుచుకుంటారు. లెక్కలు రాసేవాణ్ణి మొహమాటం లేకుండా అడిగే వీలు మనకుండాలి.

‘పాస్‌వర్డులూ అవీ మనకెందుకండీ, ఆయనే చూసుకుంటాడు.’

నాకు అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చిన సలహా ఇదే. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక మా రిజిస్ట్రేషను ఒక పార్ట్‌టైమ్ అకౌంటెంటు చేయించాడు. ఫోన్ నంబరు, ఈమెయిల్ రెండూ తనవే పెట్టాడు. మాకు శ్రమ తప్పించాడనుకున్నాం. నెలనెలా పన్ను డబ్బూ, ఆయన ఫీజూ చేతికిచ్చేవాణ్ణి, చలానా ఎప్పుడూ అడగలేదు. కొన్నాళ్ళకి ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్ళాడు. ‘అంతా ఆన్‌లైనే కదా, అక్కణ్ణుంచి చేస్తాను’ అన్నాడు. ఒకరోజు మా దగ్గర వైరు కొనే కాంట్రాక్టరు ఫోన్ చేసి, ‘మీ జీఎస్టీ నంబరు సస్పెండ్ అని చూపిస్తోందేంటండీ?’ అని అడిగాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆయన రిటర్నులు వెయ్యడం మానేశాడు. వరసగా ఆరు నెలలు రిటర్నులు వెయ్యకపోతే రిజిస్ట్రేషను రద్దు చెయ్యొచ్చు. దానికి ముందు నోటీసు వస్తుంది. మా నోటీసు వచ్చింది, ఆయన మెయిల్‌కి. ఆలస్య రుసుము రోజుకి 50 రూపాయల చొప్పున ఒక హద్దు వరకు పెరుగుతుంది. పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. అవి ఎలాగో కట్టాం. కాంట్రాక్టర్ల దగ్గర పోయిన మాటే ఇప్పటికీ బాధిస్తుంది. నేను అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేస్తేనే మా బిల్లు వాళ్ళ కొనుగోళ్ళ పట్టీ 2బీలో కనపడుతుంది, అప్పుడే మాకిచ్చిన పన్నుకి వాళ్ళకి క్రెడిట్ వస్తుంది. నా అశ్రద్ధకి వాళ్ళు జేబులోంచి పన్ను కట్టుకున్నారు. ఇద్దరు మళ్ళీ మా కొట్టు గుమ్మం తొక్కలేదు.

అందుకే ఎవరిని పెట్టుకున్నా పోర్టల్లో నంబరూ మెయిలూ మీవే ఉండాలని ముందే చెప్పండి. పాతవి ఆయన పేరు మీద ఉంటే ఈ వారమే సవరణ పెట్టించండి. ఒప్పుకోనివాడి దగ్గర ఇంకేమీ అడగక్కర్లేదు, లేచి వచ్చెయ్యండి.

‘పన్ను తక్కువ కట్టించేవాడే మొనగాడు.’

కోటిన్నర లోపు అమ్మకాలున్న వ్యాపారి, చిన్నవాళ్ళ కోసం పెట్టిన పథకం కాంపోజిషన్‌లో చేరితే ఒక శాతంతో సరిపోతుంది. ఇంటి అవసరాలకి కొనేవాళ్ళే వచ్చే కిరాణా కొట్టుకి అది చక్కగా కుదురుతుంది. కాంట్రాక్టర్లకి అమ్మే నాలాంటివాడికి కుదరదు. కాంపోజిషన్‌లో ఉంటే బిల్లులో పన్ను వెయ్యకూడదు, కొన్నవాడికి క్రెడిట్ రాదు, అతను పక్క కొట్టుకి పోతాడు. ఇప్పుడున్న ఆడిటరు గారు మొదటిరోజు అడిగింది ఒక్కటే: ‘మీ దగ్గర కొనేదెవరు?’ ఆ ప్రశ్న వినగానే ఈయన దగ్గరే ఉండిపోవాలనిపించింది.

లాభం తగ్గించి చూపించడం కూడా ఈ సలహాలోదే. మేమూ చేశాం, తప్పే. రెండేళ్ళ తర్వాత గోడౌను కోసం బ్యాంకుకి వెళ్తే మేనేజరు ఆ రిటర్నులే ముందు పెట్టి, ‘ఈ ఆదాయంతో వాయిదాలెలా కడతారు?’ అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఇక దొంగ బిల్లులతో క్రెడిట్ తెచ్చిపెడతానని ఎవరైనా అంటే ఆయనతో టీ కూడా తాగకండి.

‘టాలీ వస్తే చాలు, సీఏ ఎందుకు?’

రోజువారీ చిట్టా, ఆవర్జా రాయడానికి టాలీ వచ్చిన కుర్రాడు చాలు. ఆడిట్ సంతకం మాత్రం సీఏదే. ఆ సంతకంతో పాటు అక్షరాలూ అంకెలూ కలిపి 18 ఉండే యూడీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, ఆన్‌లైన్‌లో సరిచూసుకోండి. ఇంకోమాట, పక్క రాష్ట్రంలో ఉన్న స్నేహితుడి లెక్క మనకి పనికిరాకపోవచ్చు. సరుకు అమ్మేవాళ్ళకి జీఎస్టీ రిజిస్ట్రేషను హద్దు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే.

ఇప్పుడు రిటర్నులు వేసేటప్పుడు నెలకి రెండుసార్లు, 11 లోపు ఒకటి, 20 లోపు ఒకటి, ఓటీపీ నా ఫోనుకే వస్తుంది. ఆడిటరు గారి ఆఫీసునుంచి అమ్మాయి ఫోన్ చేసి అడుగుతుంది. అంకెలు చెప్పేముందు, ‘అమ్మా, ఈ నెల అమ్మకం ఎంత పడింది, కట్టాల్సింది ఎంత?’ అని అడుగుతాను. ఆ పిల్ల చెబుతుంది, నేను నోట్‌బుక్కులో రాసుకుంటాను, ఆ తర్వాతే ఓటీపీ.