కూలెంటుకు కండువా కప్పేవాళ్లు

కోటిన్నర పెట్టి కొన్న స్పోర్ట్స్ కారులో మూడు నాలుగు వందల రూపాయల డబ్బా ఒకటి పోయాల్సి వస్తే, మన యజమాని అడిగే ప్రశ్న ఒక్కటే: ‘రంగేంటి?’ టైరు కొనేటప్పుడు ఆయన సైజు చూస్తాడు, స్పీడు రేటింగు చూస్తాడు, ఏ వారంలో తయారైందో కూడా వంగి చదువుతాడు. ఇంజనాయిలు గ్రేడు గురించి అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడతాడు. కూలెంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చదువంతా అటకెక్కుతుంది.

‘సార్, పచ్చది అయిపోయింది, పింక్ ఉంది. పోసెయ్యమంటారా?’

‘లోపల ఏది ఉంది?’

‘కొంచెం పింక్‌లాగే ఉంది సార్.’

‘అయితే పోసెయ్ భాయ్.’

వైద్యం అయిపోయింది.

తెలుగు రాష్ట్రాల్లో పుట్టి పెరిగినవాడు రంగును ఇంతగా ఎలా నమ్ముతాడో నాకు అంతుపట్టదు. పొద్దున పసుపు కండువాతో కాఫీ తాగి, మధ్యాహ్నం గులాబీ కండువాతో భోంచేసి, సాయంత్రం ఇంకో రంగుతో ప్రెస్ మీట్ పెట్టే నాయకుల్ని కళ్లారా చూస్తున్నాం. కండువా మారుతుంది, లోపల మనిషి వాడే. కూలెంటులో రంగు కూడా సరిగ్గా ఆ కండువాయే. లీకైతే కంటికి ఆనాలని, ఎవరూ మంచినీళ్లనుకోకూడదని కలిపే డై అది. ఏ రసాయనానికి ఏ రంగు వాడాలో శాసించే చట్టం ప్రపంచంలో ఎక్కడా లేదు. టయోటా ఎర్ర కూలెంటునూ ఫోక్స్‌వాగన్ పాత జీ12 ఎరుపునూ పక్కపక్కన పెడితే చూపుకి తేడా పెద్దగా తెలియదు. మొదటిదాంట్లో ఫాస్ఫేట్లు ఉంటాయి, రెండోదాంట్లో ఉండవు. సిలికేట్లు వాటర్ పంప్ సీళ్లను అరగదీస్తాయని జపాన్ వాళ్లు వాటిని దూరం పెట్టారు. తమ నీళ్లలోని కాల్షియంతో ఫాస్ఫేట్లు కలిసి పైపుల్లో పొర కడతాయని యూరప్ వాళ్లు వాటిని దూరం పెట్టారు. గీజరు కాయిలు మీద తెల్లగా పేరుకునేదాన్ని చూసిన హైదరాబాదీకి ఆ యూరప్ భయం వెంటనే అర్థం కావాలి. కాదు. బోరు నీళ్లే పట్టి పోస్తాడు. కాస్త శ్రద్ధ ఉన్నవాడైతే, ‘నేను మినరల్ వాటరే పోస్తానండీ’ అని గర్వంగా చెబుతాడు. ఆ మినరల్సే కదయ్యా వద్దన్నది! బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ క్యాను దొరుకుతుంది.

‘అన్నీ ఒకటేనండీ, గ్లైకాలూ నీళ్లూ’ అనే వర్గం ఒకటుంది. వీళ్ల మాటలో తొంభై పాళ్లు నిజం, అందుకే వీళ్లు ప్రమాదకరం. మూలద్రవం దాదాపు అన్నిట్లోనూ ఇథిలీన్ గ్లైకాలే. తేడా అంతా తుప్పును ఆపడానికి కలిపే పిసరంత మందులో ఉంది. పాత తరం పచ్చ కూలెంటులోని సిలికేట్లు అల్యూమినియం మీద చకచకా పొర వేసి, రెండేళ్లకే ఖర్చయిపోతాయి. తర్వాత వచ్చిన ఆర్గానిక్ ఆసిడ్లు తీరుబడిగా, తుప్పు మొదలయ్యే చోటే పనిచేస్తాయి కాబట్టి ఐదేళ్లు నిలుస్తాయి. రెండూ కలిపితే చాలాసార్లు కంటికి ఏమీ కనబడదు. పొగ రాదు, కారు ఆగదు. ఐదేళ్ల మందు రెండేళ్ల మందుగా మారిపోతుంది, ఆ సంగతి యజమానికి తెలియదు. ‘కలిపాను, ఏమైంది?’ అని అతను ఏడాది పొడుగునా ఛాతీ విరుచుకుని తిరగడానికి కారణం ఇదే. కొన్ని జంటలైతే అంత మర్యాద కూడా పాటించవు. ఫోక్స్‌వాగన్‌కే చెందిన జీ11, జీ12 కలిస్తే గోధుమరంగు బురద తయారవుతుంది. ఒకే కంపెనీ, రెండు డబ్బాలు, కలపొద్దని చెప్పింది వాళ్లే. ఆ తర్వాత కలిపినా ఫరవాలేదంటూ జీ12 ప్లస్ తెచ్చారు.

అమెరికాలో జనరల్ మోటర్స్ 1990ల నడుమ డెక్స్‌కూల్ అనే నారింజ కూలెంటు తెచ్చి, ఐదేళ్లు, లక్షా యాభై వేల మైళ్ల దాకా చూసుకోనక్కర్లేదంది. తమ స్పోర్ట్స్ కారు కార్వెట్‌లోనూ అదే పోశారు. జనం చూసుకోవడం మానేశారు, చెప్పింది కంపెనీయే కదా! మట్టం తగ్గి గాలి చొరబడిన కార్లలో బురద పేరుకుంది, గాస్కెట్లు పోయాయని దావాలు పడ్డాయి, చివరికి కంపెనీ రాజీకి వచ్చి డబ్బు చెల్లించింది. దీన్నుంచి మన మేధావులు నేర్చుకున్న పాఠం: ‘నారింజ రంగు మంచిది కాదు.’

పోర్షే 911 వాళ్ల కథ వేరు. 1998 దాకా ఆ కారును గాలితోనే చల్లబరిచారు. 996 మోడల్‌తో నీళ్లు వచ్చాయని ఏడ్చిన భక్తులు ఇప్పటికీ ఉన్నారు. ఇంజన్ వెనక, రేడియేటర్లు ముందు, మధ్యలో కారు పొడుగునా పైపులు, ఇరవై లీటర్లకు పైగా కూలెంటు. ‘దీనికి జీవితాంతం మార్చనక్కర్లేదట’ అనే మాట ఈ భక్తులకు వేదవాక్కు. ఇరవై ఏళ్ల పాత కారు, నలుగురు యజమానులు మారారు, ఎవరేం పోశారో ఆ దేవుడికే ఎరుక. అందులో ఉన్నది ఇంకా ఫ్యాక్టరీ కూలెంటే అని ఇతని విశ్వాసం. మార్చే రకానిది ఇంకో తమాషా. రేడియేటర్ పైపు ఊడదీసి, కింద బకెట్టు పెట్టి, కారడం ఆగగానే ‘మార్చేశాం’ అంటారు. బ్లాకులో, హీటర్‌లో, ఆ పొడుగు పైపుల్లో ఉన్నది అక్కడే ఉంటుంది. కొత్తది దానిమీదే పడుతుంది. అంటే కలపకూడదని ప్రతిజ్ఞ చేసినవాడు కూడా కలిపే పోస్తున్నాడు. పాతది మొత్తం దింపి, డిస్టిల్డ్ వాటర్‌తో తేటగా వచ్చేదాకా కడిగి, వాక్యూమ్‌తో గాలి లాగేసి నింపడానికి పూట పడుతుంది. అంత ఓపిక పెయింటు పాలిష్‌కి మాత్రమే ఉంది.

‘మన ఎండలకి యాంటీఫ్రీజ్ దేనికండీ’ అని ఒట్టి నీళ్లు పోసేవాడికి, తుప్పు చలికాలం కోసం కాచుకుని కూర్చోదని ఎవరూ చెప్పినట్టు లేదు. అతనికి పూర్తిగా ఎదురు బావగారు: ‘నీళ్లు కలపడమేంటి, చిక్కగా పోస్తేనే బలం.’ సగం సగం కలిపిన గ్లైకాల్ మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. నీళ్లే కలపని గ్లైకాల్ మాత్రం మైనస్ 13 దగ్గరే గట్టిపడుతుంది, పైగా వేడిని తక్కువ మోస్తుంది. 2021 ఫిబ్రవరిలో డాలస్ మైనస్ 19కి పడిపోయింది. అక్కడ సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్లు కొనుక్కున్న మనవాళ్లలో సగం సగం కలిపినవాళ్లు హాయిగా పడుకోవచ్చు. ‘బలం’ పోసుకున్నవాళ్లే దుప్పటి పట్టుకుని గ్యారేజీకి పరుగెత్తాలి.

చివరగా పరికరం ఉన్న పండితుడు. రిఫ్రాక్టోమీటరు గాజు మీద రెండు చుక్కలు వేస్తాడు, మూత వాలుస్తాడు, కిటికీ వైపు తిరిగి ఒంటికన్నుతో చూస్తాడు. నీలం, తెలుపు కలిసే గీత మైనస్ 37 దగ్గర ఆగుతుంది. ‘పర్‌ఫెక్ట్! ఇంకో రెండేళ్లు చూసుకోనక్కర్లేదు.’ ఆ గీత చెప్పింది గ్లైకాల్ ఎంతుందన్నదే. గ్లైకాల్ ఎక్కడికీ పోదు. పోయేది తుప్పు మందు. అది అయిపోయాక గ్లైకాల్ నెమ్మదిగా ఆమ్లంగా మారి అల్యూమినియాన్ని తినడం మొదలుపెట్టినా గీత అక్కడే ఉంటుంది. ఆ సంగతి చెప్పేది పీహెచ్ చూసే కాగితపు పట్టీ. కానీ దాన్ని కంటికి ఆనించుకుని ఫొటో దిగడం కుదరదు.

ఇంతా చేసి కావలసింది కొంచెమే. మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ నంబరున్న డబ్బా, పోసిన తేదీ, ఏడాదికోసారి ఆ పట్టీ. మధ్యదారిలో మట్టం తగ్గితే తెలియని పింక్ కంటే డిస్టిల్డ్ వాటరే నయం. చరిత్ర తెలియని కారు కొంటే మొదటి వారమే మొత్తం దింపించాలి. దింపింది కాల్వలో పోయకూడదు, పాత వాటర్ బాటిల్లో అసలు పట్టకూడదు. తియ్యగా ఉంటుంది, విషం, పిల్లలూ కుక్కలూ తాగేస్తారు.

ఆ మధ్య ఒకాయనకు ఇదంతా చెప్పి, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మీద తెల్ల టేపు ముక్క అతికించి తేదీ, స్పెసిఫికేషన్ మార్కరుతో రాసి పెట్టుకోండి అన్నాను. ఆయన మొహం చిట్లించాడు. ఇంజన్ బే లుక్ పోతుందట.