పంజరపత్రానికి సర్వంకష వ్యాఖ్య

మూలం: "పెంపుడు జీవి చర్మ సంరక్షణార్థము వారమునకొక పర్యాయము షాంపూతో స్నానము చేయించవలెను. దురద యున్నచో పౌడరు చల్లవలెను. తదుపరి సమస్య యున్నచో నిపుణుని సంప్రదించవలెను."

అవతారిక: గినీపిగ్గుల జత కొన్నవారికి పంజరంతో పాటు ఉచితంగా చేతిలో పెట్టే పచ్చకాగితం మీది గ్రంథమిది. కర్త ఎవరో తెలియదు. కాలం తెలియదు. చివరన షాంపూ ధర మాత్రం సుస్పష్టం. అది ప్రక్షిప్తమనడానికి ఎంతమాత్రం వీల్లేదు. మా నగరం మండలంలో చేజిక్కిన ప్రతి ఇది. తెనాలి నుంచి వచ్చిన ప్రతిలో "వారమునకు రెండు పర్యాయములు" అని పాఠాంతరం కనిపిస్తున్నది. ఏది ప్రాచీనమో తేల్చడం కష్టం గానీ, షాంపూ ఎక్కువ ఖర్చయ్యే పాఠమే కర్తృహృదయానికి దగ్గరని మా అభిప్రాయం.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. మొదటి షరతు మాకూ సమ్మతమే. రెండోదానికి హామీ ఇవ్వలేం.

టీక: "స్నానము" అనగా ఏమో అందరికీ తెలుసు, వదిలేస్తున్నాం. చిక్కంతా "వారమునకొక పర్యాయము" దగ్గర. గినీపిగ్ తన ఒళ్ళు తానే నాక్కుని, పళ్ళతో దువ్వుకునే జీవి. మగవాటికి తోక ఉండవలసిన చోట ఒక జిడ్డుగ్రంథి ఉంటుంది. ఆ మేరకు ఎప్పుడైనా తుడిస్తే చాలు. వారం వారం షాంపూ రుద్దితే ఒంటి నూనె పోయి చర్మం పొట్టు రాలుతుంది. పైగా మన డెల్టా చెమ్మలో, వానాకాలంలో, తడిసిన బొచ్చు అడుగుదాకా ఓ పట్టాన ఆరదు. ఆరని బొచ్చే బూజుకు పుట్టిల్లు. అంటే మొదటి వాక్యం రోగాన్ని కన్నది, ఆ రోగం రెండో వాక్యంలో పౌడరును కన్నది, పౌడరు మూడో వాక్యంలో నిపుణుణ్ణి కన్నది. ఒకదానికొకటి కారణమవుతూ గొలుసుగా సాగింది గనుక ఇది కారణమాలాలంకారం. అలంకారశాస్త్రంలో ఇంత లాభసాటి ఉదాహరణ మాకు తారసపడలేదు.

"దురద": చరకుడు చర్మరోగాలను మహాకుష్ఠాలు 7, క్షుద్రకుష్ఠాలు 11, వెరసి 18 అని లెక్కగట్టాడు. మన కర్త సంక్షేపప్రియుడు. ఒకే మాటతో సరిపెట్టాడు. నిజానికి ఇందులో కనీసం ముగ్గురు నిందితులున్నారు. పేలు: బొచ్చు విడదీసి చూస్తే కంటికి ఆనుతాయి. ట్రిక్సాకేరస్ అనే పురుగు: చర్మంలో సొరంగం తవ్వుకుని ఉంటుంది, కంటికి కనపడదు, దాని దురదకు గోక్కుని గోక్కుని కొన్ని ప్రాణులు ఫిట్స్ వచ్చి పడిపోతాయి. మూడోది బూజు తెచ్చే తామర. కవులు ముఖాన్ని తామరతో పోల్చి పోల్చి మనల్ని విసిగించారు గదా, గినీపిగ్గుకు ఈ తామర మొదట లేచేది ముక్కు, కళ్ళు, చెవుల చుట్టూనే. ఇక్కడ ఉపమ అక్కర్లేదు. ఎత్తుకుని ముద్దాడే పిల్లల చేతులకూ అంటుకుంటుంది కాబట్టి, కొత్తగా తెచ్చినదాన్ని మొదట రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి, పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఈ సంగతి మూలంలో లేదు. చర్మం లోపలున్న పురుగుకు పైన చల్లిన పౌడరు ఎలా చేరుతుందో కూడా లేదు.

"చర్మ సంరక్షణార్థము": ఇంత గంభీర సమాసం వేసి, తిండి ఊసెత్తలేదు. వ్యాఖ్యాతకు ఇదే పండుగ. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు, ఓడల్లో నావికులకు వచ్చే బెరిబెరిని శోధిస్తూ గినీపిగ్గులకు వట్టి ధాన్యం మేపారు. బెరిబెరి రాలేదు, స్కర్వీ వచ్చింది. కారణం తర్వాత తేలింది: మనలాగే గినీపిగ్గు కూడా విటమిన్ సి ని ఒంట్లో తయారుచేసుకోలేదు, రోజూ తినాల్సిందే. ఆ విటమిన్ ఏ పదార్థమో 1932 నాటికి తేల్చినవాడు హంగరీకి చెందిన సెంట్ జార్జి. తేల్చింది మళ్ళీ గినీపిగ్గుల మీదనే. పరిశోధనకు సరిపడా విటమిన్ ఆయనకు ఎక్కడ దొరికిందనుకున్నారు? సెగెడ్ పట్టణంలో పండే ఎర్ర మిరపలో! 1937లో నోబెల్ వచ్చింది. గుంటూరు పక్కన పుట్టిన మనలో ఎవరూ మిరపకు దక్కిన ఈ గౌరవాన్ని ఇన్నాళ్ళూ ఊరేగించకపోవడం మాకు మనస్తాపం. (కారం మిరప గినీపిగ్గుకు పెట్టకండి, క్యాప్సికం పెట్టండి.) ఇక జామ. వంద గ్రాముల జామకాయలో ఇంచుమించు 200 మిల్లీగ్రాముల సి ఉంటుంది. కిలో బరువున్న గినీపిగ్గుకు రోజుకు కావలసింది 10 నుంచి 30. చిన్న ముక్క చాలు. తీపి గనుక అంతకు మించి వద్దు. గరిక ఎంతైనా తినొచ్చు, పురుగుమందు కొట్టిన గట్టు మీదిది కాకుంటే. విటమిన్ సి అందనప్పుడు బొచ్చు గరుకెక్కి, చర్మం పొలుసుబారి, పుండు మానక, కీళ్ళు వాస్తాయి. దానికి "చుండ్రు" అని పేరు పెట్టి షాంపూ అమ్ముతారు.

మళ్ళీ షాంపూ దగ్గరికే వచ్చాం.

"నిపుణుని": ద్వితీయావిభక్తి. విభక్తి దొరికింది, మనిషి దొరకలేదు. మన పక్క పశువుల ఆసుపత్రులు గేదెల కోసం వెలిశాయి, అది వాటి తప్పు కాదు. పురుగుకు వాడే ఐవర్‌మెక్టిన్ సూదిమందు మామూలుగా ఉండేది గేదె కొలతలో: 50 కిలోలకు ఒక మిల్లీలీటరు. ఆ లెక్కన కిలో గినీపిగ్గుకు మిల్లీలీటరులో యాభయ్యో వంతు. మామూలు సిరంజిలో ఆ గీతే ఉండదు. ఇన్సులిన్ సిరంజితోనో, పలుచన చేసో, తూకం వేసి ఇవ్వాలి. గుడ్లకు మందు పారదు కనుక ఒకటి రెండు వారాలకు మళ్ళీ ఇవ్వాలి. కొలత బాగా తప్పితే ప్రాణానికి ముప్పు. పుండుకని ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ వేస్తే మరీ ప్రమాదం. పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులన్నీ చచ్చి, రోగి వాటి వెంటే పోతాడు. ఇన్ని తెలిసినవాడే నిపుణుడు. అతనికోసం రేపల్లె ప్యాసింజరెక్కి తెనాలి, అక్కణ్ణుంచి విజయవాడ, అదీ దాటి గన్నవరం వెటర్నరీ కాలేజీ దాకా, మే నెల ఎండలో, వేడికి ఇట్టే సొమ్మసిల్లే జీవిని అట్టపెట్టెలో పెట్టుకుని పోవాలా? "సంప్రదించవలెను" అని రాయడానికి మాత్రం అరక్షణం పట్టదు.

తాత్పర్యం: అయ్యా, కొట్టువారూ, ఆ "వలెను"లు మూడూ కొట్టేయండి. షాంపూ ధర కావాలంటే ఉంచుకోండి. దాని కింద ఖాళీలో, మీరు సంప్రదించమన్న ఆ డాక్టరుగారి ఫోను నంబరు వేయించండి.