చార్లెస్ ఒడ్డున మస్టరు

బోస్టన్,
ఏప్రిల్ ఆఖరు.

బావా,

అక్క నీకు చెప్పే ఉంటుంది, మొన్న శనివారం నేనూ నీ డిపార్టుమెంటులో చేరాను. జీతం లేదు, బదిలీ లేదు, యూనియన్ లేదు. మస్టరు మాత్రం ఉంది. అదీ నీలా తెల్లవారుజామున కాదు, తొమ్మిదింటికి, కాఫీలయ్యాక. శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు నవ్వుతారని తెలుసు. మొత్తం చదివాక నవ్వు.

ఇక్కడ ఊరి మధ్య చార్లెస్ అని ఒక నది ఉంది. పొడవు చెబితే నువ్వు కాలవనే అంటావు: 129 కిలోమీటర్లు. రాజమండ్రిలో బయల్దేరితే విశాఖపట్నం కూడా చేరదు. దాని ఒడ్డున ఎస్ప్లనేడ్ అని పొడుగాటి పార్కు. ఏటా ఏప్రిల్లో వేలమంది స్వచ్ఛందంగా వచ్చి నది పొడుగునా చెత్త ఏరతారు. ఈసారి మా కాకినాడ కాలేజీ పూర్వ విద్యార్థులం కూడా బయల్దేరాం.

వాట్సాప్ గ్రూపులో చెత్త గురించి మొదలైన చర్చ కాసేపట్లోనే పులిహోర మీదికి మళ్లింది. చింతపండా, నిమ్మకాయా అన్న దగ్గర రెండు బ్యాచ్‌లు మాటలు మానేశాయి. టీషర్టు రంగు మీద ఓటింగు జరిగింది. మా సీనియర్ ఒకాయన ఉన్నారు. ఇప్పటికీ మేమంతా ఆయన్ని ‘సార్’ అనే పిలుస్తాం, ఫస్టియర్లో మాకు చేసిన మర్యాద అలాంటిది. ఆయన బ్యానరు ఉండి తీరాలన్నారు. వచ్చిన బ్యానరు మాలో ఏ ఇద్దరినైనా చుట్టబెట్టి మూట కట్టేంత ఉంది.

ఈ దేశంలో చెత్త ముట్టుకోవడం అంత తేలికనుకోకు. ముందు ఆన్‌లైన్లో పేరు నమోదు. తరవాత హామీపత్రం: జారిపడ్డా, నీళ్లలో పడ్డా, ఏదైనా కుట్టినా పూచీ నాదేనని సంతకం. ఆపైన పాఠం: ఇంజెక్షను సూదులు కనిపిస్తే ముట్టుకోకుండా మమ్మల్ని పిలవండి, పక్షుల గూళ్ల జోలికి పోకండి, ఇలా. అప్పుడు చేతికి గ్లవ్సులు, ఒక పొడవాటి పట్టకారు ఇచ్చారు. దాంతో నిలబడే ఏరొచ్చు, వంగక్కర్లేదు. మీ కార్మికుల్లో నడుంనొప్పి లేనివాళ్లు ఎందరున్నారో నీకు తెలుసు. ఒకటి కొని పంపుతాను, నమూనాగా చూపించి ఇండెంటు పెట్టు.

ఒక బ్యాంకు వైస్ ప్రెసిడెంటు, ఇద్దరు పీహెచ్‌డీలు, ముగ్గురు సాఫ్ట్‌వేరు ఆర్కిటెక్టులు కలిసి ఒక సిగరెట్టు పీకని ఆ పట్టకారుతో పట్టుకోలేక, చుట్టూ చేరి సలహాలిచ్చుకున్నారు. చూసిచూసి ఓ ఆర్కిటెక్టుగారి భార్య వచ్చి చేత్తో తీసి సంచిలో పడేసింది.

ఇక నీ వృత్తికి పనికొచ్చే సంగతి. ఎంత ఏరినా మాకు బీరు సీసా కనపడలేదు, కూల్‌డ్రింకు డబ్బా కనపడలేదు. ఈ ఊళ్లో ఎవరూ తాగరనుకునేవు! అవి కొన్నప్పుడే షాపువాడు ఐదు సెంట్లు ఎక్కువ తీసుకుంటాడు, ఖాళీది తెచ్చిస్తే తిరిగిస్తాడు. రామారావుగారు మనకి తొలిసారి ముఖ్యమంత్రి అయిన 1983లోనే ఇక్కడ ఈ చట్టం అమల్లోకొచ్చింది. అందుకని మా మస్టరుకి ముందే ఒక ముసలమ్మ తోపుడుబండితో వచ్చి అవన్నీ ఏరుకుపోయింది. హామీపత్రం లేదు, టీషర్టు లేదు. మేం దిగేసరికి ఆవిడ బండి నిండి వెళ్లిపోతోంది.

మాకు మిగిలినవల్లా ఆ ఐదు సెంట్ల విలువ లేనివి. నీళ్ల సీసాలు. ‘నిప్’ అని పిలిచే 50 మిల్లీలీటర్ల బుల్లి మందు సీసాలు, పొదల్లో ఎక్కడ చూసినా అవే. నీళ్ల సీసాలకి కూడా డిపాజిట్టు పెడదామా అని 2014లో రాష్ట్రమంతా ఓటు పెడితే, జనం భారీగా వద్దన్నారు. వాళ్లు వద్దన్నదాన్ని నేను సంచికెత్తాను. పైగా 1983లోనూ ఐదు సెంట్లే, ఇవాళా ఐదు సెంట్లే. నన్నడిగితే పావలా డాలరు చెయ్యమంటాను. మా పీహెచ్‌డీలు కూడా తోపుడుబండ్లు కొంటారు.

ఇంకో రకం ఉంది. ఇక్కడ కుక్క చేసిన పనిని యజమాని వంగి, ఎంతో శ్రద్ధగా ప్లాస్టిక్ సంచిలోకి ఎత్తి, ముడివేస్తాడు. అక్కడిదాకా దండం పెట్టొచ్చు. తరవాత కొందరు ఆ సంచిని గుళ్లో చెట్టుకి ముడుపు కట్టినట్టు కొమ్మకి వేలాడదీసి వెళ్లిపోతారు! ఏం మొక్కుకుంటారో మరి. కుక్కలు చేసిందానికి సంచులైనా ఉన్నాయి, కెనడా బాతులది గడ్డి మీదే. మేత వెయ్యొద్దని బోర్డులున్నాయి గాని, అవి చదివేది మనుషులు కదా, మా పులిహోర పళ్లేల వెంట పడ్డది బాతులు.

ఈ నదికి ప్రభుత్వం మార్కులు కూడా వేస్తుంది. 1995లో మొదటిసారి వేస్తే ‘డి’ వచ్చింది. సప్లిమెంటరీలు రాసి గట్టెక్కిన మావాళ్లకి ఆ మాట వినగానే నది మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. మురుగుని, వాననీటిని వేరుచేసి, దొంగ కనెక్షన్లు వెతికి మూసి, ఏళ్ల తరబడి తంటాలు పడితే ‘బి’లు వచ్చాయి, ‘ఏ మైనస్’ కూడా వచ్చింది. 2013లో, ఈతలు ఆగిపోయి యాభై ఏళ్లు దాటాక, జనం అనుమతి తీసుకుని ఈతకి దిగారు. ఇది ఫోనులో చెబితే, మూడు మునకలకి దరఖాస్తేమిట్రా అంది అమ్మ. నది బాగుపడింది గొట్టాల వల్లే బావా, మావల్ల కాదు. కానీ భూమిలో ఉన్న గొట్టం పక్కన నిలబడి గ్రూపు ఫోటో ఎలా దిగుతాం?

ఈ పార్కుది కూడా ఒక కథ. పార్కు పెంచమని హెలెన్ స్టోరో అనే ఆవిడ పది లక్షల డాలర్లిచ్చింది. ఇందులోంచి రోడ్డు మాత్రం వద్దంది. 1944లో ఆవిడ కాలం చేశాక రోడ్డు వేసేశారు, దానికి ఆవిడ భర్త పేరు పెట్టారు. ఇలాంటి తెలివి మనకే ఉందనుకునేవాణ్ణి.

ఫోటో అన్నాను కదా. గ్లవ్సులు తళతళలాడుతుండగానే, ఒక్క కాగితమన్నా ఎత్తకముందే దిగాలన్నారు సార్. నలుగురం బ్యానరు పట్టుకున్నాం. నది మీంచి ఒక్క గాలి విసిరింది. బ్యానరు మా చేతుల్లోంచి లేచి, బెంచీ దాటి, నీళ్లలో వాలింది. మా కాలేజీ పేరు, బంగారు రంగు అక్షరాల్లో, హార్బరు వైపు ప్రయాణం కట్టింది. సన్నపడవల్లో తెడ్లు వేస్తున్న కుర్రాళ్లు ఆగి చూశారు. వాళ్ల కోచ్ మోటారు బోటులో వెంబడించి, కొక్కెంతో లాగి మాకు అప్పజెప్పాడు. ఆ రోజు మా పేరున నదిలోంచి తీసిన వాటన్నిటిలోకీ పెద్దది అదే.

సార్ ఏమాత్రం చెక్కుచెదరలేదు. తడి బ్యానరు పిండుతూనే, 2027 గోదావరి పుష్కరాలకి అందరం రాజమండ్రి వెళ్లి ఘాట్లలో సేవ చేద్దామన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా బావ అక్కడే శానిటరీ ఇన్‌స్పెక్టరని ఎవరో అందించారు, ఎవరని అడక్కు. అప్పట్నుంచి గ్రూపులో ప్రశ్నలే ప్రశ్నలు: కోటిలింగాల ఘాట్‌లో బ్యానరుకి స్తంభాలుంటాయా, పట్టకార్లు మీరే ఇస్తారా, ఎండ పడకుండా ఏ వేళకి మస్టరు పెడతారు. పులిహోర అక్కే చేస్తుందని ఖాయం చేసేసుకున్నారు.

ఇద్దరు అప్పుడే సెలవుకి పెట్టేశారు. నీకు బదిలీ అవకాశం ఏదైనా ఉంటే ఇప్పట్నుంచే చూసుకో.

నీ బావమరిది