కార్డాపహరణము

కావ్యానికి ఉండవలసిన వర్ణనలన్నీ దండి ఏనాడో లెక్కగట్టి పోయాడు. నగరం, సముద్రం, పర్వతం, చంద్రోదయం, జలక్రీడ, యుద్ధం అన్నీ ఉన్నాయి, ఏటీఎం లేదు. ఆయన తప్పేం లేదు. లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో మొట్టమొదటి నగదు యంత్రం వెలసింది 1967 జూన్ 27న. దాని సృష్టికర్తగా పేరుపడ్డ జాన్ షెఫర్డ్ బారన్ పుట్టింది మన షిల్లాంగ్‌లో కనుక, ఈ రాక్షసజాతికి భరతఖండంతో చుట్టరికం లేకపోలేదు. ఆ తొలి యంత్రం ప్లాస్టిక్ కార్డు ఎరగదు. చెక్కు కాగితం మింగి డబ్బు కక్కేది. మింగడం పుట్టుకతో వచ్చిన విద్యన్నమాట.

ఇక పురవర్ణన. మయిన్ నదీతీరాన ఫ్రాంక్‌ఫర్ట్. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు కొలువైన అలకాపురి. 259 మీటర్ల కమర్జ్‌బ్యాంక్ టవర్ మబ్బులతో మంతనాలాడుతుంటుంది. మరో బ్యాంకు వారి అద్దాల జంట సౌధాలకు ఊరివాళ్లు పెట్టుకున్న ముద్దుపేర్లు డెబిట్, క్రెడిట్. అట్టి మహానగరంలో, ఒకానొక శనివారం, సాయంసంధ్యవేళ, మెడలో పాస్‌పోర్టు సంచీ, తలపై మంకీ క్యాపూ ధరించి, ధర్మపత్నీసమేతుడై, గుంటూరు వాస్తవ్యుడూ విశ్రాంత గణితోపాధ్యాయుడూ అయిన మన నాయకుడు ఒక గోడయంత్రం ఎదుట నిలిచాడు.

నాయిక సంగతి చెప్పాలి. పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు 54కు వెంట్రుకవాసి తక్కువ, మందం ముప్పాతిక మిల్లీమీటరు పైన ఇంచుక. తన్వి అన్న మాటకు ఇంతకన్నా తగిన నాయిక ప్రబంధాల్లో దొరకదు. ముఖాన బంగారు చిప్పు తిలకం, వీపున నల్లని అయస్కాంతపు జడ, పదహారంకెల ప్రాయం.

యంత్రం నాలుగంకెల మంత్రం అడిగింది. మాస్టారు సమర్పించారు. వంద యూరోలు కోరారు. అప్పుడా మాయావి తెరమీద ఒక ధర్మసందేహం విసిరింది. పద్దు రూపాయల్లో రాయాలా, యూరోల్లోనా? రూపాయలంటే మారకపు ధర యంత్రం వాళ్లది, వాళ్ల లాభంతో సహా. యూరోలంటే మన బ్యాంకు వైపు ధర. కళ్లు మూసుకుని యూరోలు నొక్కమని లోకమెరిగినవాళ్లంటారు. లెక్కల మాస్టారు కళ్లు మూసుకోరు. కళ్లజోడు తుడిచారు. ఫోన్ తీసి మూడు దశాంశ స్థానాల దాకా గుణించారు. విసిగిన యంత్రం లావాదేవీ రద్దుచేసి, నాయికను సగం బయటికి తోసి, కీకీమని పిలిచింది. పచ్చదీపం వెలుగులో ఆ తన్వి అంచు మిలమిలలాడుతోంది. మాస్టారు నాలుగో స్థానం సవరిస్తున్నారు. పిలుపు ఆగింది. జర్రుమని ఒక చప్పుడు.

వాతాపి జీర్ణం!

(మరిచిపోయిన కార్డును వెనకున్నవాడు ఎత్తుకుపోకుండా లోపలికి లాక్కోవడం ఆ యంత్రానికి నేర్పిన ధర్మం. కాపలాదారే తప్ప కబంధుడు కాదు. పోగొట్టుకున్నవాడికి ఆ తేడా చెప్పి చూడండి.)

తమ్ముణ్ని ఇల్వలుడు పిలిచినట్టు మాస్టారు పిలిచారు. ఎర్రమీట నొక్కారు, పచ్చమీట నొక్కారు, పక్కన అరచేత్తో రెండు వడ్డించారు. యంత్రం అగస్త్యుడిలా ప్రశాంతంగా ఉండి, జర్మన్‌లో మళ్లీ స్వాగతం పలికింది. మొర పెట్టుకుందామంటే కస్టమర్ కేర్ నంబరు నాయిక వీపునే ఉంది. మర్నాడు ఆదివారం, ఆ దేశంలో ఆదివారపు విశ్రాంతికి రాజ్యాంగమే రక్ష.

బ్యాంకు యాప్‌లో కార్డు బ్లాక్ చేయవచ్చు. దానికి ఓటీపీ కావాలి. ఓటీపీకి ఇండియా సిమ్ కావాలి. అది పాస్‌పోర్టు అట్టలో టేపు కింద యోగనిద్రలో ఉంది. సిమ్ అర తెరిచే సూది గుంటూరు బీరువాలో క్షేమం. అప్పుడు, ఆ మహాసంకటంలో, అమ్మగారు మంగళసూత్రానికున్న పిన్నీసుల గుత్తిలోంచి ఒకటి తీశారు.

ఆహా, ఆ పిన్నీసు! తల మీద నొక్కుపడ్డ టోపీ, మొన వంకర, ఒంటినిండా పసుపు. తెగిన చెప్పు మొదలు కాలిలో ముల్లు దాకా సకలకార్యధురంధరం. వజ్రాయుధానికి దధీచి ఎముక కావలసి వచ్చింది. దీన్ని శెట్టిగారి కొట్లో డజను లెక్కన ఇస్తారు. చిల్లులో గుచ్చగానే అర కటుక్కుమని వెలికొచ్చింది. ఓటీపీ దిగింది. నాయకుడు స్వహస్తాలతో నాయిక ఊపిరి తీశాడు. అలంకారశాస్త్రం ఒప్పుకోదు, కానీ రిజర్వు బ్యాంకు మెచ్చుకుంటుంది. మన ప్రమేయం లేని మూడోవాడి మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం అంటకూడదని అది 2017లోనే ఉత్తర్వు వేసింది.

సోమవారం శాఖలో గుమాస్తా పాస్‌పోర్టు చూసి, ఇతర బ్యాంకుల కార్డు చిక్కితే ముక్కలు చేయడమే తమ పద్ధతని ఎంతో మర్యాదగా సెలవిచ్చింది.

మరి మధ్యలో ఆదివారం? రొట్టెల కొట్టువాడు నగదే అడిగాడు. స్టేషన్‌లో మరుగుదొడ్డికీ నాణెమే. అమ్మగారు పెట్టె తెరిచి, చీరమడతలోంచి మాస్టారెరగని ఫారెక్స్ కార్డొకటి తీశారు. సందు చివరి యంత్రం దగ్గరికి నడిచి, చకచకా నొక్కి, కార్డు తల బయటపెట్టీ పెట్టకముందే రెండు వేళ్లతో పట్టి లాగారు.

“ఇందులో రుసుమెంత పడిందో చూశావా?”

“ఏవండీ, ముందు ఆ సంచీ పట్టుకోండి.”