టన్నులు సరే, కట్టె సంగతేంటి?

కట్టెలు చీల్చే మిషను కొనాలంటే ఈ కాలం వాళ్ళు మొదట అడిగేది టన్నులు. మా అన్నకొడుకూ అంతే. స్నానాలకి కాగు కింద వేసుకునే కట్టెల కోసం ఫోను చేసి, "బాబాయ్, ఏడు టన్నులది చాలా?" అన్నాడు. ఏం కట్టెరా అంటే, "ఏ కట్టయితే ఏంటి?" అన్నాడు. ఒళ్ళు మండింది నాకు.

మా రోజుల్లో ఆ మాట అన్నవాడి చేతికి గొడ్డలి ఇచ్చేవాళ్ళు కాదు. సరుగుడు నిలువునా తేలిగ్గా చీలుతుంది. తుమ్మని పచ్చిమీదే చీల్చాలి, చేవదేరింది ఎండిందంటే వేసిన వేటు వెనక్కి తంతుంది. చింతమొద్దు సరేసరి, లోపల నారంతా మెలిపడి ఉంటుంది. మా ఊళ్ళో కట్టెలు కొట్టే పెద్దాయన మొద్దు నిలబెట్టి ముందు దాని తల చూసేవాడు. నెర్రె ఎటు పారిందో బొటనవేలితో తడిమి, కొమ్మ పుట్టిన బుడిపె కిందికి వచ్చేలా తిప్పి, అప్పుడు ఆ నెర్రె మీదే వేటు. లావు మొద్దయితే నడిమికి పోడు, అంచుల నుంచి పేళ్ళు లేపుకుంటూ వస్తాడు. దానికీ లొంగకపోతే ఇనపచీల దింపి సమ్మెటతో రెండు దెబ్బలు. ఇప్పుడు మొద్దు తల వంక చూసేవాడేడీ?

ఎండబెట్టడం కూడా మరిచారు. అప్పుడే నరికిన కట్టె బరువులో సగందాకా నీళ్ళే ఉండొచ్చు. అది అయిదో వంతుకన్నా తగ్గితే గాని సరిగ్గా మండదు. బెరడు తడిని బయటికి పోనివ్వదు, అందుకే ముందు చీల్చి తర్వాత ఎండేసేవాళ్ళం. మాఘంలో కొట్టిన పేళ్ళు ఎండాకాలమంతా గాలాడేలా అడ్డదిడ్డంగా పేర్చి, తొలకరికి ముందే చూరు కిందికి చేర్చేవాళ్ళం. ఇప్పుడేమో పొద్దున చీల్చింది సాయంత్రానికే కాగు కింద పెట్టి, పొగ వస్తోందని కట్టెని తిడుతున్నారు.

మిషను వద్దనను. నడుం పోయినవాడికి అది అవసరమే. అయితే మోటారుకి బొంగరం ఆకారంలో మరచుట్ల ఇనప మొన బిగించి అమ్ముతున్నారే, అది మాత్రం ఇంటికి తేవద్దు. చవకే. కానీ తిరిగే మొన లుంగీ అంచునో తువ్వాలునో పట్టిందంటే మనిషిని లాగేస్తుంది, స్విచ్చు కట్టేసే వ్యవధి కూడా ఉండదు. హైడ్రాలిక్‌ది నిదానంగా తోస్తుంది, చెయ్యి తీస్తే ఆగుతుంది. సన్నపాటి సరుగుడికీ వేపకీ అయిదు టన్నులది చాలు. ముడులున్న చింతకయితే ఏడు కూడా మొరాయిస్తుంది, దాన్ని పచ్చిగా ఉండగానే పొట్టి ముక్కలు కోయించుకోవాలి. ఇంట్లో కరెంటు లో-వోల్టేజీ అయితే ఎన్ని టన్నులు రాసి ఉన్నా మోటారు మూలిగి వేడెక్కడమే. అది ముందు చూసుకోమన్నాను వాడిని.

ఇంకోటి. ఒక చెయ్యి స్విచ్చు మీద, రెండో చెయ్యి మీట మీద ఉంటేనే కదిలేలా ఆ మిషను చేసింది వేళ్ళు దక్కాలని. ఆ మీటకి తాడు కట్టేసి, ఖాళీ అయిన చేత్తో మొద్దు పట్టుకుని నడిపేవాళ్ళని కళ్ళారా చూశాను. అలాంటివాళ్ళకి అసలు మిషనే అమ్మకూడదు.