తెల్లవారితే గురువారం

మా బావగారికి మాట వృథా అయితే ఒంటికి పడదు. ‘ఏటీఎం మిషన్’ అన్నవాణ్ణి ఆపి, ‘ఎం’ అంటేనే మిషన్ కదయ్యా అని క్లాసు పీకుతారు. ‘నడిసెంటర్’ అన్న ఆటోవాడితో ఇరవై నిమిషాలు వాదించారు. ఆ ఇరవై నిమిషాల మాటలు ఏ పద్దులో రాశారో తెలీదు. మొట్టమొదట, నట్టనడుమ, కట్టకడ అంటూ ఒకే మాటను రెండుసార్లు చెప్పడానికి చిన్నయసూరి ఏకంగా ఓ సంధి సూత్రమే రాశాడని గుర్తుచేస్తే, ‘ఆయనకి తీరిక ఎక్కువ’ అన్నారు.

నిజమే, దేశమంతా దుబారాయే. చెక్కు మీద అంకెలు చాలవని అక్షరాల్లోనూ రాయిస్తారు; రెండూ కలవకపోతే అక్షరాలదే చెల్లుబాటని 1881 నాటి చట్టం. ఆధార్‌లో పన్నెండో అంకె కొత్త కబురేమీ చెప్పదు, ముందున్న పదకొండింట్లో ఒకటి తప్పు కొడితే పట్టుకోవడానికి కాపలా కూర్చుంటుంది. ‘మేం వస్తాం’లో మేం రెండుసార్లున్నాం, ఫోన్లో మొదటిది తెగిపోయినా రెండోదాంట్లో బతికే ఉంటాం. గణితవేత్త క్లాడ్ షానన్ 1948లో ఇంగ్లీషులో దాదాపు సగం అదనపు సరుకేనని లెక్క తేల్చాడు. బావగారు అంతవరకే చదివి గంతేశారు. గరగరలాడే లైన్లో కబురు చేరేది ఆ అదనం పుణ్యానేనన్న సంగతికి పేజీ తిప్పాలి మరి.

ఇంతలో వాళ్ళమ్మాయి శుభలేఖ ప్రూఫు వచ్చింది. సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, నక్షత్రం, ఇంగ్లీషు తేదీ, ఆపైన ‘బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం గం. 2.38 ని.లకు’. ‘ఒక్క ముహూర్తానికి ఇన్ని ఆనవాళ్ళా!’ అని ఎర్రపెన్ను తీశారు. చివరికి మిగిలింది తేదీ, ‘గురువారం 2.38’. ప్రెస్సువాడు తల గోక్కుంటూ, ‘పగలా రాత్రాండీ?’ అన్నాడు. ‘చదివేవాళ్ళకి బుర్ర ఉండదా?’

ఉంది. అందుకే కాకినాడ బంధువులు బస్సు మాట్లాడుకుని గురువారం మధ్యాహ్నం రెండింటికల్లా, పట్టుచీరలతో, చదివింపుల కవర్లతో దిగారు. షామియానా విప్పుతున్నారు. డేగిసాలు తోముతున్నారు. మగపెళ్ళివారు టిఫిన్లు చేసి ఎప్పుడో వెళ్ళిపోయారు.

బావగారు గుమ్మంలో నిలబడి, దిగినవాళ్ళు దిగినట్టు ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతున్నారు: ‘రాత్రండీ, రాత్రి. అంటే నిన్న రాత్రి. బుధవారం రాత్రన్నమాట, అర్ధరాత్రి దాటాక, తెల్లవారితే గురువారం...’